లాప్‌టాప్ పేర ఎకరం అరవై సెంట్లు

చొల్లంగి సాంబమూర్తికి రెండు నమ్మకాలుండేవి. సరిగ్గా రాసిన కాగితంతో సర్కారులో జరగని పని లేదన్నది మొదటిది. అలా సరిగ్గా రాయడం జిల్లా మొత్తమ్మీద తనకొక్కడికే చేతనవునన్నది రెండోది. మొదటి నమ్మకం ఉద్యోగంలో చేరిన మర్నాడే పోవలసింది గాని, రెండోది దాన్ని ముప్ఫై ఏళ్లపాటు చంకనేసుకుని మోసింది.

గోదావరి పాయ పక్కనున్న ఆ జిల్లా కేంద్రంలో వరద నష్టాల నమోదు విభాగానికి ఆయన సూపరింటెండెంటు. విభాగమంటే ఓ గది, రెండు బల్లలు, ఒక బీరువా, ఒక లాప్‌టాప్, దాన్ని నడిపే షాహీనా. షాహీనాది తాత్కాలిక ఉద్యోగం. పదకొండేళ్లుగా తాత్కాలికమే.

పని చెప్పుకోవడానికి చిన్నదే. వరదొచ్చి వెళ్లాక లంక గ్రామాల్లో కూలిన ఇళ్లకు ఫొటోలు తీస్తారు. వాటిని లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఒక్కో ఇంటికి ఒక్కో నంబరిచ్చి, నెలాఖరులోగా జాబితా పైకి పంపాలి. ఫొటో ఎక్కితే ఇల్లు కూలినట్టు. ఎక్కకపోతే, ఆ ఇల్లు నేలమట్టమై ఏట్లో కలిసిపోయినా సరే, సర్కారు లెక్కలో నిక్షేపంగా నిలబడి ఉన్నట్టు.

నెల మొదటి సోమవారం నాడు షాహీనా తల ఎత్తి, "సార్, నిండిపోయింది," అంది.

"ఏమిటమ్మా నిండింది?"

"లాప్‌టాప్ సార్. ఇంకొక్క ఫొటో కూడా పట్టదంటోంది. కానుగలంకవి డెబ్బయ్ రెండు ఇళ్లు ఉండిపోయాయి."

ఆ డెబ్బయ్ రెండిట్లో ఒక ఇంటావిడ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది. పేరు మట్టపర్తి నూకరత్నం. కొబ్బరి పీచు తాళ్లు పేనుకుని బతికే మనిషి. తన ఇల్లు నమోదైందో లేదో కళ్లారా చూసుకుపోదామని లాంచీలో ఏరు దాటి వచ్చింది.

"పట్టదంటారేంటండి బాబూ?" అంది నూకరత్నం. "మాదేం మేడ కాదండి. రెండు గదులు, ఓ వసారా. అందులో ఓ గది ఏట్లోకెల్లిపోయింది కూడాను. ఉన్న గదైనా పట్టదాండి?"

సాంబమూర్తికి నవ్వొచ్చింది గాని, ఆవిడ మొహం చూసి మింగేశాడు. "స్థలం లేదమ్మా, స్థలం. యంత్రంలో."

"మాకు ఊళ్లోనూ లేదండి. యంత్రంలోనూ లేదంటే ఇంకెక్కడికి పోవాలండి?"

షాహీనా అసలు సంగతి చెప్పింది. లోపలుండే హార్డ్ డిస్క్ చిన్నది. దానికి నాలుగింతలున్నది వేయిస్తే చాలు. నాలుగు స్క్రూలు విప్పడం, పాతది తీయడం, కొత్తది పెట్టడం. మెయిన్ రోడ్డు మీద షాపులో పావుగంట పని.

"షాపా!" అన్నాడు సాంబమూర్తి, ఎవరో ఆఫీసు గుమ్మంలో చెప్పులు విసిరినట్టు. "సర్కారు ఆస్తిని బజార్లో విప్పిస్తావా? కాగితం పెడతాను. వారంలో వచ్చేస్తుంది. ఏమ్మా, వారం ఆగలేవూ?"

నూకరత్నం ఆగగలనంది. మూడు నెలలుగా బడి వరండాలో ఆగుతున్న మనిషికి వారం ఒక లెక్కా?

ఆ రోజుల్లోనే జిల్లా అధికారి గారి నుంచి ఒక ఉత్తర్వు వచ్చి ఉంది. కార్యాలయ కాగితాల్లో ఇకపై ఒక్క ఆంగ్ల పదమూ కనపడరాదు. కనపడినచో సదరు కాగితమే కనపడనట్లు భావించబడును అని. మిగతా ఆఫీసులన్నీ తలలు పట్టుకున్నాయి. సాంబమూర్తికి మాత్రం తన కాలం ఇన్నాళ్లకు వచ్చిందనిపించింది. నిరుడు భాషా దినం నాడు జిల్లాలో మొదటి తెలుగు షీల్డు ఆయనకే ఇచ్చారు. అది బీరువా పైన, రాగానే కనపడేట్టు, కొంచెం ముందుకు వాల్చి పెట్టి ఉంటుంది.

ఉత్తరం రాయడానికి మూడు రోజులు పట్టింది. లాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుంటారు గనక 'ఒడియంత్రం' అన్నాడు. ఆ మాట దొరికిన సాయంత్రం భార్యకి జిలేబీ పట్టుకెళ్లాడు. హార్డ్ డిస్క్ దగ్గర చిక్కొచ్చింది. 'గట్టి పళ్లెం' అంటే మధ్యాహ్న భోజనాల వాళ్లకి పంపేస్తారేమోనని భయం. 'దృఢ చక్రం' అంటే బండి చక్రమనుకుంటారు. ఆఖరికి ఆ వస్తువు పేరే ఎత్తకుండా దాని గుణం చెప్పడమే మేలని తేల్చుకుని ఇలా రాశాడు:

'అయ్యా, మా కార్యాలయపు ఒడియంత్రమునకు ప్రస్తుతమున్న స్థలము ఏమాత్రమూ చాలకున్నది. వరదలో దెబ్బతిన్న గృహములు అందు ఇమడక వెలుపల నిలిచిపోయినవి. కావున ఇప్పుడున్న దానికి నాలుగు రెట్లు స్థలము మంజూరు చేయ ప్రార్థన.'

చదివి షాహీనాకి వినిపించాడు.

"బాగుంది సార్," అంది షాహీనా. "కానీ స్థలం, స్థలం అంటుంటే..."

"ఊఁ?"

"ఏం లేదు సార్. బాగుంది."

వారం తిరిగేసరికి జవాబొచ్చింది. పైన ముద్ర చూసి సాంబమూర్తి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. అది భూ విభాగం ముద్ర. 'మీరు కోరిన స్థలము నిమిత్తమై, ప్రస్తుత స్థలము యొక్క విస్తీర్ణము, నాలుగు సరిహద్దులు, అందు గల నివాసముల సంఖ్య తెలియజేయవలెను.'

సాంబమూర్తి హాయిగా నవ్వుకున్నాడు. పాపం, పొరపాటున అక్కడికెళ్లింది, ఓ మాట చెప్పి వెనక్కి తెచ్చుకుందామని మెట్లెక్కి భూ విభాగానికి వెళ్లాడు.

ఆ విభాగానికి తహసీల్దారు రంకిరెడ్డి త్రిమూర్తులు. నిండైన విగ్రహం. ఉత్తర్వు వచ్చిన దగ్గర్నుంచి ఆయన నోట కూడా ఫైలు భాషే పలుకుతోంది.

"దయచేయుడు," అన్నాడు త్రిమూర్తులు. "తేనీరు సేవించబడినదా?"

"తాగానండి. ఆ కాగితం మీ దగ్గరికి పొరపాటున వచ్చింది. మేమడిగింది నేల కాదు. లాప్‌టాప్ లోపలి స్థలం."

"సదరు కాగితములో ఐదు పంక్తులు కలవు. అందు స్థలము అను పదము రెండు పర్యాయములు, గృహములు అను పదము ఒక పర్యాయము కలదు. నేల కాదు అని ఎచ్చటను లేదు."

"అది నిజమేననుకోండి. వెనక్కిచ్చేయండి, మార్చి రాస్తాను."

త్రిమూర్తులు ఫైలు మీద చెయ్యి ఆనించాడు. "స్థల సేకరణ కింద నమోదైన దస్త్రము వెనుకకు మరలదు. మరలవలెనన్న తమరు ఒక ముక్క వ్రాసి ఇయ్యవలెను. 'నాచే వాడబడిన తెలుగు పదము తప్పు, అందువలన అర్థము చెడినది' అని. దాని నకలు జిల్లా అధికారి వారికి పోవును."

సాంబమూర్తి కలం తీశాడు. 'నాచే' దాకా రాశాడు కూడా. షీల్డు కళ్లముందు కదలాడింది. జిల్లాలో మొదటి తెలుగు మనిషి, అయిదు లైన్ల కాగితంలో అర్థం చెడగొట్టాడని జిల్లా అధికారి చేతికి తనే రాసివ్వడం! కలం మూత పెట్టేశాడు.

"వద్దులెండి," అన్నాడు. "వాళ్లడిగిన వివరాలే ఇచ్చేస్తాను. చదివితే వాళ్లకే తెలుస్తుంది."

"ఎవరికి?"

"మీకేనండి."

"నేను చదవను. పరిశీలించెదను," అన్నాడు త్రిమూర్తులు.

ఆ ఒక్క వాక్యం రాసిచ్చి ఉంటే వ్యవహారం ఆ మధ్యాహ్నమే ముగిసేది. తర్వాత చాలా రోజులు సాంబమూర్తి గెడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో మనిషిని ఇదే అడిగేవాడు: ఒక్క వాక్యం కదరా, రాస్తే నీ సొమ్మేం పోయేది?

రెండు రోజులకు త్రిమూర్తులు సర్వేయరుని వెంటబెట్టుకుని స్వయంగా దిగాడు. షాహీనాని లేవమని, లాప్‌టాప్ చుట్టూ టేపు పట్టారు. పొడవు పద్నాలుగు అంగుళాలు, వెడల్పు తొమ్మిది. మూత తెరిచి కొలవాలా, మూసి కొలవాలా అన్న దగ్గర కాసేపు వాదన జరిగింది. తెరిస్తే మేడ కింద లెక్క అన్నాడు సర్వేయరు. మూసే కొలిచారు.

"తూర్పున?" అన్నాడు త్రిమూర్తులు.

"ప్రభుత్వ గోడ," అన్నాడు సర్వేయరు రాసుకుంటూ.

"పడమర?"

"ఫైళ్ల కట్ట."

"ఉత్తరమున?"

"మంచినీళ్ల సీసాండి. కదులుద్ది."

"కదులు సరిహద్దు అని వ్రాయుము. దక్షిణమున?"

సర్వేయరు షాహీనా వంక చూశాడు. షాహీనా సాంబమూర్తి వంక చూసింది.

"అమ్మా, తమరు దక్షిణపు సరిహద్దు," అన్నాడు త్రిమూర్తులు గంభీరంగా. "స్థలము పెంచుటకు తమకు అభ్యంతరము లేదని ఒక సంతకము."

"నాకేం అభ్యంతరం సార్? నేనే కదా పెంచమన్నది," అని షాహీనా సంతకం పెట్టింది. పదకొండేళ్లలో ఆఫీసు కాగితం మీద ఆమె పేరు పర్మినెంటుగా ఎక్కడం అదే మొదలు.

ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. సదరు స్థలంలో ప్రస్తుతం ఎన్ని నివాసాలున్నాయి? ఇక్కడ 'లేవు' అని రాస్తే సరిపోయేది. సాంబమూర్తి ఆలోచించాడు. అసలు తమ పని ఎంత పెద్దదో పైవాళ్లకి తెలియజెప్పే అదను ఇదేననుకున్నాడు. అచ్చమైన నిజం రాశాడు: 'అందు నాలుగు వేల నూట పన్నెండు గృహములు కలవు. మరి డెబ్బది రెండు గృహములు చోటు లేక వెలుపల వేచి ఉన్నవి.'

ఆ నెల సమీక్షా సమావేశంలో జిల్లా అధికారి ఈ కాగితాన్ని చదివి వినిపించారు. పెద్ద మనసున్న మనిషి. కాగితం మీద ఏ కష్టం కనపడినా కరిగిపోతారు.

"పద్నాలుగు అంగుళములు, తొమ్మిది అంగుళములు!" అన్నారు. "అందులో నాలుగు వేల నూట పన్నెండు గృహములు! మహాశయులారా, గాలి ఎట్లు ఆడును? పశువులు ఎచ్చట నిలుచును? మనము మనుషులమేనా?"

హాలంతా తలలు దించుకుంది. వెనక వరసలోంచి సాంబమూర్తి లేచాడు. "అయ్యా, మనవి. అవి ఛాయాచిత్రాలండి. అసలు ఇళ్లు కావు..."

"సాంబమూర్తి గారూ," అన్నారు జిల్లా అధికారి కళ్లు తుడుచుకుంటూ, "తమరి వినయము నేనెరుగుదును. ఇంత దుస్థితిని బయటపెట్టి, మరల దానిని చిన్నది చేసి చూపుచున్నారు. ఆసీనులు కండి."

సాంబమూర్తి ఆసీనుడయ్యాడు. చుట్టుపక్కల వాళ్లు చప్పట్లు కొట్టారు. సిగ్గుగా ఉంది. నిజం చెప్పొద్దూ, కొంచెం బాగా కూడా ఉంది. ఆ బాగుండటాన్ని తల్చుకుని ఇంటికెళ్లాక మళ్లీ సిగ్గుపడ్డాడు.

నాలుగు వేల ఇళ్లకు చాలినంత భూమి లేకపోవడంతో, తొలి విడతగా ఊరవతల కాలవగట్టు పక్కన ఎకరం అరవై సెంట్ల మెరక భూమి మంజూరైంది. వరద నీరు ఎంతొచ్చినా తొక్కని చోటు. పట్టా ఎవరి పేర ఇవ్వాలన్న ప్రశ్నే రాలేదు. అడిగింది ఒడియంత్రానికి; ఒడియంత్రం పేరనే ఇచ్చారు. ఫారంలో తండ్రి పేరు గడి ఖాళీగా వదలకూడదు.

"ఈ యంత్రమును సంతకము చేసి స్వీకరించినది ఎవరు?" అన్నాడు త్రిమూర్తులు.

"నేనేనండి."

"తండ్రి: చొల్లంగి సాంబమూర్తి," అని రాసేశాడు త్రిమూర్తులు. "యుక్తవయస్సు రానిది గనుక సంరక్షకుడును తమరే."

పట్టా నకలు ఇంటికొచ్చింది. భార్య మాణిక్యాంబ దాన్ని రెండుసార్లు చదివింది. "మనకి ఇద్దరూ ఆడపిల్లలే అనుకుంటున్నా ఇన్నాళ్లూ. వీడెప్పుడు పుట్టాడండీ?" అంది. సాంబమూర్తి కంచం ముందు కూచుని పప్పులో నెయ్యి కోసం చూస్తున్నట్టు నటించాడు.

పట్టా ప్రదానం ఆ స్థలంలోనే జరిగింది. షామియానా వేశారు. లాప్‌టాప్‌ని కుర్చీలో కూర్చోబెట్టి బంతిపూల దండ వేశారు. జిల్లా అధికారి పట్టాని దాని మూత మీద పెట్టి, ఇక నీవు ఊపిరి పీల్చుకొనుము అన్నట్టుగా తట్టారు. షాహీనా పక్కన నిలబడి, దండలోంచి కారే నీళ్లు లోపలికి పోకుండా కొంగుతో తుడుస్తూనే ఉంది. లాప్‌టాప్ తెర మీద మాత్రం ఆ పూటా, అంతకు ముందు పూటా ఉన్న మాటే ఉంది. స్థలం లేదు.

నెలాఖరుకి ఇంక అయిదు రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే నూకరత్నం వచ్చింది. ఈసారి ఒక్కత్తీ రాలేదు. వెనక కానుగలంక వాళ్లు ఇరవై మంది దాకా ఉన్నారు.

"తలమొచ్చిందంటగాండి? పేపర్లో యేశారు," అంది.

"వచ్చిందమ్మా. అంటే, రాలేదు. వచ్చింది ఆ స్థలం కాదు."

"అదేంటండి. తలం లేదు, మీ డెబ్బయ్ రెండిళ్లూ బయటే ఉండిపోయినియ్యి అన్నారు. తలమొస్తే పెడతానన్నారు. ఇప్పుడొచ్చింది. మరి పెట్టాలిగాండి?"

సాంబమూర్తి తెల్లకాగితం తీసి లాప్‌టాప్ బొమ్మ గీశాడు. లోపలి స్థలం అంటే ఏమిటో, బయటి స్థలం అంటే ఏమిటో వివరించాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. విన్నకొద్దీ ఆవిడ చెప్పేదే సరిగ్గా ఉన్నట్టు, తను చెప్పేదే తప్పించుకునే మాటలా ఉన్నట్టు ఆయనకే అనిపించసాగింది. జిల్లాలో మొదటి తెలుగు మనిషికి ఆ రెండు స్థలాలకీ తేడా తెలుగులో చెప్పడం చేతకాలేదు.

"చూద్దామమ్మా," అన్నాడు ఆఖరికి.

"మీరు సూడండి. మేం ఎల్తాం," అంది నూకరత్నం.

వాళ్లు వెళ్లింది లంకకి కాదని సాయంత్రానికి తెలిసింది. కాలవగట్టు పక్క ఎకరం అరవై సెంట్లలో వెదుళ్లు దిగాయి, తాటాకులు దిగాయి. మూడో రోజుకి డెబ్బయ్ రెండు పాకలు లేచాయి. తాళ్లు పేనే వాళ్లేమో, మధ్య దారులు కొబ్బరి తాడు లాగి గీసినట్టు తిన్నగా పెట్టుకున్నారు. పట్టణంలో ఏ కాలనీ అంత తిన్నగా లేదు.

మూడో రోజు మధ్యాహ్నమే భూ విభాగం నుంచి తాఖీదు వచ్చింది. 'తమ సంరక్షణలోని యంత్రము యొక్క భూమి ఆక్రమణకు గురైనది. ఆక్రమణదారులను తొలగించుటకు అభ్యంతరము కలదేని ఇరువది నాలుగు గంటలలో తెలుపవలెను.'

సాంబమూర్తి దాన్ని చదివి మడిచాడు. తర్వాత లేచి, బీరువా మీది షీల్డు తీసి సంచీలో పెట్టుకున్నాడు.

"ఎక్కడికి సార్?" అంది షాహీనా.

"జిల్లా అధికారి దగ్గరికి. తప్పు నాదని చెప్పేస్తాను. నేల అడగలేదు, నాకు రాయడం రాలేదు అని చెప్పి, ఇది అక్కడ పెట్టేసి వస్తాను. ఎప్పుడో చేయాల్సిన పని."

ఆమె కుర్చీలోంచి లేచింది. షాహీనా ఆయనకి ఎదురు చెప్పడం అంతకుముందు ఎన్నడూ లేదు. "ఎప్పుడో చేయాల్సింది సార్, నిజమే. ఇప్పుడు చేయకూడదు. తప్పు ఒప్పుకుంటే మీ గుండె మీద బరువు దిగిపోతుంది. దాంతోపాటే అక్కడ వాళ్ల కప్పులు కూడా దిగిపోతాయి. పొరపాటున ఇచ్చిన నేలని రేపటికల్లా వెనక్కి లాగేసుకుంటారు."

సాంబమూర్తి సంచీతో గుమ్మంలో నిలబడిపోయాడు. పరువు కోసం నెల్లాళ్లు అబద్ధం మోశాడు. ఇవాళ పరువు పోయినా ఫర్లేదని తెగించి నిజం చెబుదామంటే, ఆ నిజానికి డెబ్బయ్ రెండు సంసారాలు రోడ్డున పడతాయి. మంచివాడయ్యే ముహూర్తం కూడా తనకి సమయానికి కుదరలేదు.

తిరిగొచ్చి కూచున్నాడు. కాగితం తీశాడు. ఈసారి మాటల కోసం వెతుక్కోలేదు. పది నిమిషాల్లో అయిపోయింది.

'సదరు స్థలములో ఆక్రమణ ఏదియు లేదు. చోటు లేక ఇంతకాలము వెలుపల వేచియున్న డెబ్బది రెండు గృహములు, మంజూరైన స్థలములో తిన్నని వరుసలలో చేర్చబడినవి. స్థలము సక్రమముగా వినియోగములో ఉన్నది.'

ఒక్క అక్షరం అబద్ధం లేదు. ముప్ఫై ఏళ్లలో తను రాసిన మంచి కాగితం ఇదేనేమో అనిపించింది. దానికి షీల్డు రాదని తెలుసు.

కాగితం పంపేసి, లాప్‌టాప్‌ని చంకలో పెట్టుకుని, "ఆ షాపు ఎక్కడమ్మా?" అన్నాడు.

సర్కారు యంత్రంలో సొంత వస్తువు పెట్టడం నేరం. బజార్లో విప్పించడం ఇంకో నేరం. సాంబమూర్తి ఆ రెండు నేరాలూ మెయిన్ రోడ్డు మీద, పట్టపగలు, షాహీనా సాక్షిగా చేశాడు. షాపు యజమాని వెనక్కి తిప్పి స్క్రూలు విప్పాడు. నిజంగానే నాలుగు. పాత డిస్కు బయటికి వచ్చింది. అరచేతిలో పట్టేంత, అగ్గిపెట్టె కన్నా పలచగా. నాలుగు వేల నూట పన్నెండు ఇళ్లూ అందులోనే ఉన్నాయి. కొత్తదీ అంతే ఉంది. పాత ఇళ్లన్నీ జాగ్రత్తగా కొత్తదానిలోకి మార్చడానికి కొంచెం సమయం పట్టింది గాని, విప్పి బిగించడం మాత్రం పావుగంట కూడా కాదు. పదమూడు నిమిషాలు. సాంబమూర్తి గడియారం చూశాడు, అందుకు చాలా బాధపడ్డాడు.

"ఇంకో అయిదేళ్లు ఢోకా లేదండి," అన్నాడు షాపాయన.

కానుగలంక డెబ్బయ్ రెండు ఫొటోలూ ఆ సాయంత్రమే ఎక్కాయి. గడువుకి ఒక రోజు ముందే జాబితా పైకి వెళ్లింది.

రెండు రోజుల తర్వాత త్రిమూర్తులు స్వయంగా గదికి వచ్చాడు. సాంబమూర్తి లేచి నిలబడ్డాడు. దొరికిపోయాననుకున్నాడు. త్రిమూర్తులు తలుపు దగ్గరగా వేసి, కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"తమరి నివేదిక పరిశీలించితిని. క్షేత్రమునకు కూడా పోయి చూచితిని," అన్నాడు. "అచ్చట ఒక స్త్రీ నాకు కొబ్బరిబొండము ఇచ్చినది."

"అలాగాండి."

"పట్టాలో ఒక గడి ఖాళీగా ఉన్నది. వారసులు. యంత్రము యొక్క ఆయుర్దాయము నిబంధన ప్రకారము ఐదేండ్లు. తమరి యంత్రమునకు వచ్చే మార్చితో నిండును. పిదప అది ఎంత చక్కగా పనిచేయుచున్నను, కాలము చేసినట్లే. అప్పుడు భూమి ఎవరికి చెందవలెను? వారసులు లేరన్నచో ప్రభుత్వమునకు మరలును." గోడ వంక చూస్తూ, "ఉన్నచో వారికే చెందును. ఎందరు ఉండవలెనో నిబంధనలలో పరిమితి లేదు," అన్నాడు.

సాంబమూర్తి ఆయన మొహంలోకి చూశాడు. ఫైలు మూసినట్టుగా ఉంది ఆ మొహం. ఏమీ తెలియలేదు.

"డెబ్బయ్ రెండు మంది పేర్లు ఆ గడిలో పడతాయాండి?" అన్నాడు.

"అదనపు కాగితము జతచేయవచ్చును," అన్నాడు త్రిమూర్తులు. లేచి, తలుపు దగ్గర ఆగి, మొదటిసారి మామూలు మనిషిలా గొంతు తగ్గించాడు. "ఏవండీ, మాదీ లంకేనండి. తొందరగా రాసిచ్చెయ్యండి, నాకు బదిలీ ఉంది."

పేర్లు సాంబమూర్తే స్వయంగా రాశాడు. సరిచూసుకోవడానికి ఆదివారం నాడు కాగితం పట్టుకుని కాలవగట్టుకి వెళ్లాడు. నూకరత్నం పాక ముందు నులక మంచం వాల్చి కూర్చోబెట్టింది. టీ ఇచ్చింది. ఆయన పట్టా సంగతి మొదట్నుంచి చివరిదాకా చెప్పాడు. ఈసారి తనెంత తెలివితక్కువగా రాశాడో, ఎందుకు దిద్దుకోలేకపోయాడో అదీ దాచకుండా చెప్పాడు. ఆవిడ తాడు పేనుతూ విన్నది.

"అయితే ఈ నేల ఇప్పుడు ఆ మిషన్‌దాండి?"

"దానిదేనమ్మా."

"అద్దె అడుగుద్దాండి?"

"అడగదు. దానికి నోరు లేదు. నోరున్నది నాకు. ఈ గొడవంతా దాంతో వచ్చిందే."

"అది పోయాక మాకొస్తదన్నమాట."

"అవును. వచ్చే మార్చికి."

నూకరత్నం పేనడం ఆపింది. చేతిలోని పీచు పక్కన పెట్టింది.

"మా డెబ్బయ్ రెండు కొంపలకీ నీడిచ్చింది," అంది. "అది పోయిన్రోజున కబురెట్టండి బాబూ. అందరం వస్తాం."

ఆవిడ నవ్వలేదు. సాంబమూర్తి కూడా నవ్వలేదు.

"అలాగేనమ్మా, కబురు పెడతాను," అన్నాడు.